ఊరికే ఇచ్చినాయన

“గడువు ముగిసింది. కొనసాగించాలంటే కొనండి.”

ఆ అక్షరాలు తెర నడిమధ్యన మేకు కొట్టినట్టు నిలబడిపోయాయి. పెద్దాయన ఎక్కడ నొక్కినా కదలవు. వాటి వెనకాల మనవరాలి రాతబల్ల బొమ్మ సగంలో ఆగిపోయి కనిపిస్తోంది.

“అమ్మడూ! ఇదేదో నా బల్లని పట్టుకుని కూర్చుంది, వదలట్లేదు” అని కేకేశాడు.

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. “కొత్త కంప్యూటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ కదా నాన్నా. నెల్లాళ్ళే ఊరికే ఇస్తారు. తర్వాత డబ్బు కట్టాల్సిందే.”

“వడ్రంగి సాయంత్రం వస్తానన్నాడే! వాడికేం చూపించను?”

ముందుగదిలోంచి అల్లుడు మెత్తగా అన్నాడు. “మీకెందుకండీ మామయ్యగారూ ఈ శ్రమ? ఆ కొలతలేవో చెప్పండి, బయట గీయించేస్తాను.”

ఆ మెత్తదనమే పెద్దాయనకు గుచ్చుకుంది. ఈమధ్య ఒక్కొక్క పనీ ఇలాగే ఎంతో మర్యాదగా ఆయన చేతిలోంచి జారిపోతోంది. ముందు బండి తాళాలు, తర్వాత బ్యాంకు పని, ఆపడం మరిచిపోయాడని మొన్న గ్యాస్ పొయ్యి. ఈ బల్ల కూడా పోతే తానిక దేనికీ పనికిరానని తేలిపోతుందేమోనని ఆయన భయం.

“నేనే గీస్తాను” అన్నాడు మొండిగా.

“సరే, డబ్బు కట్టక్కర్లేనివి కూడా ఉంటాయి. వెతుకుదాం” అంది కూతురు.

మొదటిది తెరిస్తే గీత గీయడానికి జాగా లేకుండా ప్రకటనలే. రెండోది దొంగను పట్టుకున్న పోలీసులా పేరూ ఊరూ పుట్టినరోజూ ఆరా తీసింది. తీరా బొమ్మ దాచుకోబోతే డబ్బు కట్టమంది. పెద్దాయనకు తల తిరిగిపోయింది. ఊరికే అంటారు, డబ్బంటారు. ఏది నమ్మాలో, తాను ఎక్కడ తప్పు నొక్కాడో ఒక్క ముక్క అర్థం కాలేదు.

కూతురు కాసేపు తటపటాయించింది. “ఇంకొకటుంది నాన్నా” అంటూ మూడోది తెరిచి, తెరను వదిలేసి ఆయన మొహంకేసి చూస్తూ కూర్చుంది.

“దీనికెంత?” అన్నాడాయన అనుమానంగా.

“ఏమీ లేదు.”

“నెల పోయాక?”

“అప్పుడూ అంతే. లోపల ఎలా రాశారో కూడా అందరికీ కనపడేలా పెట్టేశారు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచిపెట్టొచ్చు.”

“ఇంత చాకిరీ చేసి ఊరికే పారబోశాడా? వాడికేమైనా పిచ్చా?”

“ఇంట్లోవాళ్ళూ అదే మాట అనేవాళ్ళులే” అని కూతురు నవ్వింది. ఆ నవ్వెందుకో ఆయనకు అర్థం కాలేదు.

గొణుక్కుంటూనే మొదలుపెట్టాడు. ఆయన మౌస్ ఎడమచేత్తో పడతాడు. పాతదాంట్లో మీటలకోసం కుడిచెయ్యి కీబోర్డంతా తడుముకోవాల్సి వచ్చేది. ఇందులో కావలసిన మీటలన్నీ కుడిచేతికిందే ఉన్నాయి.

“చూశావటే, వీడూ నాలాగే ఎడమచేతివాటంగాడు! నా చేతికి కొలత తీసి కుట్టినట్టుంది” అన్నాడు సంబరంగా.

బల్లకాలు రెండోవైపుకు తిప్పాలంటే ఏది నొక్కాలో వెతికి చెబుదామని కూతురు వంగేలోపే ఆయన వేలు నొక్కేసింది.

“ఎలా తెలిసింది నాన్నా?” ఆమె గబుక్కున అడిగింది.

“ఏమో! చెయ్యి దానంతటదే వెళ్ళింది. బాగా చేసిన పనిముట్టయితే అంతేనమ్మా, ఎవర్నీ అడగక్కర్లేదు.”

ఆమె మళ్ళీ వెనక్కి జారగిలబడింది.

సాయంత్రం వడ్రంగి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మూత ఎత్తితే గోడకి తగలకుండా సందు కూడా వదిలారే! రేపే కర్ర కోసేస్తానండీ” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన ఆనందం పట్టలేకపోయాడు.

“అమ్మడూ, ఆ మహానుభావుణ్ణి పట్టుకుని పిచ్చివాడన్నానే! తప్పు కదూ? ఆయన ఫోన్ నంబరేమన్నా దొరుకుతుందా?”

“ఉంది నాన్నా. ఎవరికే సాయం కావాలన్నా చెయ్యమని ఇందులోనే పెట్టాడు. ఇప్పుడొద్దులే.”

“ఎందుకొద్దు? నా పరువు నిలబెట్టినవాడికి ఒక్క మాట చెప్పుకోవద్దా? చెయ్యమంటుంటే!”

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. ఏదో చిన్న ఆశ పుట్టినట్టుంది. తన ఫోన్‌లో ఆ నంబరు నొక్కి ఆయన చేతికిచ్చింది.

పెద్దాయన గొంతు సవరించుకుని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

ఆయన చొక్కాజేబులో ఫోన్ మోగింది.