వినాల్సిన గంట

"అక్కకి పాప పుట్టింది! నేను మేనమామనయ్యానోయ్!" అంటూ మా ఆయన చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చారు.

కొనుక్కొచ్చిన బుల్లి మేజోళ్ళను తన బొటనవేళ్ళకు తొడిగి, భోజనాల బల్ల మీద బుడిబుడి అడుగులు వేయించారు. పెళ్ళయి నలభై రోజులే. ఆయనేం చేసినా నాకు నవ్వే.

"పాపకి వేరే కొన్నాలే. ఈ జత మనకి!"

నా నవ్వు ఆగిపోయింది. పెళ్ళికి ముందు పాస్టరుగారు మూడుసార్లు హెచ్చరించారు: "దాచిపెట్టి కాపురం మొదలుపెట్టకమ్మా."

"ఏవండీ, నాకు పిల్లలు పుట్టరు. కాలేజీ రోజుల్లోనే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు."

మేజోళ్ళ నడక ఆగింది.

"పాస్టరుగారికి తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పేశానని ఆయనతో అబద్ధమాడాను."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "నాకూ చెప్పారు, 'ఒక గంట కూర్చుని అమ్మాయి మాట విను' అని. ఆ గంటంతా ఐస్‌క్రీం తింటూ నేనే వాగాను. అన్నీ మాట్లాడుకున్నామని ఆయనతో అనేశాను."

నేను ఏడుస్తున్నాను. ఆయన మేజోళ్ళు ఒక్కొక్కటే తీసి, జతగా మడిచారు.

"ఇవీ పాపకే ఇచ్చేద్దాం. రేపు ఆస్పత్రికి వెళ్ళేముందు పాస్టరుగారి దగ్గరికెళ్దాం. ఈసారి నువ్వు మాట్లాడు. నేను వింటాను."