నాన్న వైపు వాళ్లు

జెలిగ్ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాడు. కూతురు బ్రూరియా పక్కనే పీట మీద కూర్చుని ఒక్కొక్క క్లిప్పూ అందిస్తోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. కింద హైఫా రేవులో ఓడ కూత వేసింది.

"నాన్నా, నోగాకి నువ్వు చెప్పు. కన్నతల్లిని, నా మాట వినదు."

"ఏం చెప్పాలే? పిల్ల సెలవు మీద వచ్చింది. ఇంత తిని పడుకోనీ."

"నా రొమ్ముకి ఈ జబ్బు జన్యువులోని లోపం వల్లే వచ్చిందన్నారు. రక్తపరీక్షలో తేలింది. దానికీ ఉందేమో చూపించుకోవాలి. ఇప్పుడే తెలిస్తే కాపాడుకోవచ్చు."

జెలిగ్ మనవరాలి సైన్యపు చొక్కాను దులిపి తీగ మీద వేశాడు.

"మీ అమ్మ వైపు నుంచి వచ్చుంటుంది. వాళ్లింట్లో ఒకరు తుమ్మితే నలుగురు మంచమెక్కేవాళ్లు."

"అమ్మ రక్తమూ చూశారు. లేదు."

"అయితే మిషనే తప్పు. మా వైపు ఎక్కడుందే? అయిదుగురు అక్కలు నాకు. ఒక్కరికైనా రొమ్ములో గడ్డ అన్న మాట విన్నామా?"

లోపలి నుంచి నోగా అరిచింది. "విన్నావా అమ్మా? నాది తాతయ్య వైపు పోలిక. నాకేం రాదు. నేను సూది గుచ్చించుకోను!"

"అచ్చం మా పెద్దక్కే," జెలిగ్ నవ్వాడు. "ఆ ముక్కూ, ఆ మొండితనమూ."

బ్రూరియా నవ్వలేదు. అక్కల అల్లరి గురించి ఆయన మనవరాలికి ఎన్నో చెప్పేవాడు. ఆ కథలు ఒకచోట టక్కున ఆగిపోయేవి. తర్వాతేమైందని ఇంట్లో ఎవరూ అడగకూడదు. ఆసుపత్రిలో నర్సు మేనత్తల గురించి అడిగితే తనూ మాట మార్చేసింది.

"నాన్నా, పోయేనాటికి పెద్దత్తకి ఎన్నేళ్లు?"

ఆయన ఇంకో క్లిప్పు కోసం చెయ్యి చాచాడు. లోపల నోగా రేడియో పెట్టింది.

"నాకు చెప్పొద్దు. దానికి చెప్పు. ఒక్కసారి చెబితే చాలు, పరీక్షకి వెళ్తుంది."

తడి దుప్పటి బుట్టలోనే ఉండిపోయింది. జెలిగ్ టోపీ తీసుకుని, నోగా గది ముందు ఆగకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

జర్మన్ సైనికులు ఆ అయిదుగురినీ ఊరి బయటి అడవిలో గుంట అంచున నిలబెట్టిన రోజున, పెద్దక్కకి ఇంకా పద్దెనిమిది నిండలేదు.