వచ్చెయ్ చెల్లీ

ఒసాకాలోని ఓ కాలేజీ హాల్లో, తన కంపెనీలో ఉద్యోగం ఎంత బాగుంటుందో నిలుఫర్ చెప్పి ముగించగానే చప్పట్లు మోగాయి. "మేము తీసుకున్న మొదటి విదేశీ ఉద్యోగి ఈమే. వచ్చాక ఆఫీసుకే కళ వచ్చింది" అన్నాడు పక్కనున్న మేనేజరు కురోదా.

చివరి వరుసలో ఓ విద్యార్థిని లేచి ఉజ్బెక్ భాషలో అడిగింది.

"అక్కా, మాదీ సమర్‌కందే. మన మాట ఈయనకు అర్థం కాదుగా, నిజం చెప్పు. నన్ను రమ్మంటావా?"

నిలుఫర్ ఆమె వైపు చూసి నవ్వింది.

"వచ్చెయ్ చెల్లీ. సొంత మనుషుల్లా చూసుకుంటారు."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అయితే ఇంకెక్కడా చూడను!"

"ఏమంటోంది?" అన్నాడు కురోదా.

"మన దగ్గరే చేరుతుందట."

"భేష్! అంతా నీ చలవే."

నిలుఫర్ బాత్‌రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆఫీసులో భోజనాల వేళ ఆమె వచ్చి కూర్చుంటే చాలు, బల్ల చుట్టూ మాటలు ఆగిపోతాయి. మెల్లగా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. ఎవరైనా అడిగితే రావద్దనే చెప్పాలని పొద్దున గట్టిగా అనుకుంది.

కానీ ఆ పిల్ల గొంతు వినగానే, తన పక్కన కూర్చుని అన్నం తినే మనిషి ఒక్కరుంటే చాలనిపించింది.