లోపల ఉన్నది మా అమ్మాయి

ఆపరేషన్ గది బయట కుర్చీలోంచి సకుజీ మళ్ళీ లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు. బయట అకితా పట్నంలో మంచు ఇంకా కురుస్తూనే ఉంది. తిరిగొచ్చి అదే కుర్చీలో కూలబడ్డాడు.

పక్క కుర్చీలోని కినుయో చేపలమ్ముకునే మనిషి. ఇక ఊరుకోలేకపోయింది.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కండి అన్నయ్యగారూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. లోపల మీవాళ్ళెవరు?"

"మా అమ్మాయి. ఒక్కతే కూతురు."

అయ్యో పాపం అని, ఆమె తన భర్త సంగతి చెప్పుకొచ్చింది. మెదడుకు వెళ్ళే రక్తనాళం మీద పొక్కులాంటి ఉబ్బు. చాలా అరుదైనదట. పగిలింది. మామూలు ఉబ్బయితే క్లిప్పు పెట్టి మూసేస్తారు. దీని గోడ ఉల్లిపొరంత పల్చన, క్లిప్పు తగిలితే చిరిగిపోతుంది. అందుకని ముంజేతి నాళం తీసి తలలో కుట్టి, రక్తాన్ని అటు మళ్ళించి, పాత దారి మూసేయాలి. పెద్ద డాక్టరేమో ఊళ్ళో లేరు. చేస్తున్నవాళ్ళకి ఇలాంటిది ఒంటరిగా చేయడం ఇదే మొదటిసారి.

సకుజీకి ఇవేవీ కొత్త కావు. రాత్రి నుంచీ ఇంట్లో అదే మాట.

"డాక్టర్లు కోడిరెక్కల్లో నాళాలు కుట్టి సాధన చేస్తారట, నిజమేనా?" అని అడిగిందామె.

"నిజమేనమ్మా. మాది కోడిమాంసం కాల్చి అమ్మే కొట్టు. రెక్కలు మా దగ్గర్నుంచే వెళ్తాయి."

"కుళ్ళినవి అంటగట్టలేదు కదా?"

ఇద్దరూ కాస్త నవ్వారు. ఆమె తన అన్నపుముద్దలో సగం తుంచి ఇచ్చింది. అతనికి మింగుడు పడలేదు. అమ్మాయి పొద్దున్నించీ ఏమీ తినలేదు. లోపల ఏ కాస్త తేడా వచ్చినా అది ఇక మునుపటి మనిషి కాలేదు. ఆ భయమే అతన్ని ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. మాస్కు కూడా తీయకుండా డాక్టరు నేరుగా కినుయో ముందుకొచ్చి నడుం వంచి నమస్కరించారు. రక్తం ఆగిందని, కొత్త నాళంలో చక్కగా పారుతోందని చెప్పారు.

కినుయో భోరున ఏడ్చింది. ఏడుస్తూనే సకుజీ గుర్తొచ్చి, డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"పాపం, ఈయన కూతురు కూడా లోపలే ఉందట. ఆ పిల్ల ఎలా ఉందో ఒక్క మాట చెప్పండి."

డాక్టరు మాస్కు కిందికి లాగి, సకుజీ వైపు చూసి అంది: "ఇంట్లోనే ఉండమన్నాను కదా నాన్నా."