ఎర్ర దారం

"కుడి కాదు సిస్టరమ్మా, నాది ఎడమ కన్ను!"

అంజవ్వ తల విదిలించిన విదిలింపుకి మందు చుక్క కంట్లో పడాల్సింది చెంప మీద పడింది. నర్సుకు ఒళ్ళు మండింది.

"చీటీల కుడి అని ఉన్నది. సారుకన్న నీకే ఎక్కువ ఎర్కనా?"

"చీటీ సంగతి నాకెర్క లేదు బిడ్డా. నా కన్ను సంగతి ఎర్క."

బోధన్‌లో ఓ బడిలో, కంటి పొరలు తీయడానికి పెట్టిన కండ్ల క్యాంపు అది. తరగతి గదిలో చాపల మీద పన్నెండు మంది ఆడవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. అందరూ బీడీలు చుట్టేవాళ్ళే. పక్క చాప మీది సుమిత్రమ్మ అంజవ్వ కొంగు పట్టి గుంజింది. ఆమెకు పొర కుడి కంట్లో. బాగున్న ఎడమ కన్ను పుణ్యాన ఇంకా నాలుగు బీడీలు చుట్టగలుగుతోంది.

"సదువుకున్నోళ్ళకు ఎదురు జెప్తరా? నోరు మూస్కోని కూసో."

"కన్ను పోతే ఆళ్ళు తెచ్చిస్తరా అక్కా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా అంజవ్వను తప్పు చేసినదాన్ని చూసినట్టు చూస్తున్నారు. అయినా మందు వేయించుకోలేదు. చివరికి డాక్టరే వచ్చి, ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయి టార్చి వేసి చూశాడు. చీటీ చూశాడు. మళ్ళీ కన్ను చూశాడు. నుదుటికి చెమట పట్టింది.

"అవ్వ చెప్పిందే నిజం. రాసినోడు తప్పు రాసిండు. అడ్డం తిరగకపోతే మంచి కన్ను కోసేవాళ్ళం."

అంజవ్వకు అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు. కానీ అంతటితో ఊరుకునే మనిషి కాదు. కొంగుముడిలోంచి బీడీలకు కట్టే ఎర్ర దారం ఉండ తీసి, ఎడమ మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ముడేసింది.

"మత్తుల నాకు నోరు రాకపోతే ఇది జెప్తది. దారం ఏ దిక్కుంటే ఆ దిక్కు కన్ను, సారూ."

"శభాష్! సిస్టర్, ఈ చీటీలను ఇక నమ్మొద్దు. అందరితో దారం కట్టించు. అదే చూసి చేస్తా."

నర్సు ఉండ పట్టుకుని విసవిసా బయటికి పోయింది, అంతే విసురుగా తిరిగొచ్చింది. "చెప్పిన సార్." తన మాటకు డాక్టరంతటివాడు విలువ ఇచ్చాడని అంజవ్వ మురిసిపోయింది. సూది నొప్పి కూడా తెలియలేదు.

అరగంటకు ఎడమ కంటికి కట్టుతో ఆమెను తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. కుడి కన్ను తిప్పి చూస్తే పక్క చాప ఖాళీ.

"సుమిత్రక్క ఏది?"

"ఇప్పుడే లోపటికి తీస్కపోయిండ్రు," అంది అవతలి చాప మీది తారాబాయి.

"దారం కట్టుకున్నదా?"

"ఓ! కట్టుకోనిది ఆపరేషన్ లేదని సిస్టరమ్మ ఉండ ఇచ్చిపోయింది. అందరం కట్టుకున్నం. సుమిత్రక్కయితే కండ్లకద్దుకోని మరీ కట్టుకున్నది."

కండ్లకద్దుకోవడం ఎందుకు? అంజవ్వ చేతులు ఊని లేచి కూర్చుంది.

"ఏ చేతికి కట్టుకున్నదే?"

తారాబాయి ఆమెను వింతగా చూసింది.

"గదేం అడుగుడు అక్కా? మొగోళ్ళమా కుడి చేతికి కట్టుకోనీకి? ఆడోళ్ళం, అందరం ఎడమకే కట్టుకున్నం."