కిష్టవ్వ కిటికీ

"లే! లేస్తవా, లేదా?"

అంబదాస్ కూతురి రెక్క పట్టి లాగాడు. ఎదురింటి కిష్టవ్వ కిటికీ ముందు గోనెసంచి పరుచుకుని కూర్చున్న భవ్యశ్రీ ఒక్కసారి ఉలిక్కిపడింది. ఒళ్లో నోటుబుక్కు జారి బురదలో పడింది.

"బాపూ, జరాగు! టీవీల ఒత్తులు చెప్తున్నరు."

"ఒత్తులు లేవు, గిత్తులు లేవు. మంది కిటికీల కాడ గీ కూసునుడేంది, అడుక్కతినేటోళ్ల లెక్క?"

ఆ మాట అతని సొంతం కాదు. నూలు లేదని మరమగ్గాల షెడ్డు పొద్దున్నే మూసేస్తే, బయటికొస్తుండగా తోటి పనివాడు వెంకటేశ్ నలుగురిలో నవ్వుతూ అన్న మాట. లాక్‌డౌన్‌లో భివండి నుంచి పెళ్లాం బిడ్డలతో లారీ ఎక్కి వచ్చిన దగ్గర్నుంచి ఇలాంటివి వింటూనే ఉన్నాడు. ఆ లారీ కిరాయికే ఇంట్లో టీవీ అమ్మేశాడు. ఇక్కడ బళ్లు తెరవలేదు, పాఠాలన్నీ టీవీలోనే. భవ్యశ్రీ అక్కడ మూడో తరగతి దాకా మరాఠీలో చదివింది. తెలుగు అక్షరం రాదు. బడి తెరిచేనాటికి చదవడం రాకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారు సార్లు. చిన్నపిల్లల నడుమ కూర్చోనని, అట్లయితే తల్లి పక్కన బీడీలు చుడతానని ఆ పిల్ల అప్పుడే చెప్పేసింది.

కిష్టవ్వ గడప మీదికి వచ్చింది.

"ఎవరది? గొంతు ఇంటే అంబదాస్ లెక్కున్నది."

"నేనే. టీవీ లోపలికి తిప్పుకో పెద్దవ్వా. మాకు ఎవ్వల దయ అక్కెర లేదు."

"దయనా? నీకెవ్వలు సూపిచ్చిండ్రు దయ? టీవీ నాది, కిటికీ నాది."

"మరి దాని మొఖం బజారు దిక్కెందుకున్నది? లోపల నువ్వు టీవీ వీపు సూసుకుంట కూసుంటవా?"

"మొఖమైతేంది, వీపైతేంది కొడకా? కనవడితే గద! రెండు కండ్లల్ల పొరలు. ఆపరేషన్ చెయ్యమంటే కరోనా పోయినంక రమ్మన్నరు. కేబులాయన ఎటు పెట్టిండో అటే ఉన్నది. నాకు ఇనుడే."

అంబదాస్ ఆమె కళ్లకేసి చూశాడు. మూడు నెలలుగా ఎదురింట్లో ఉంటున్నాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఈ సంగతి తెలియనే తెలియదు. అయినా పట్టు వదలలేదు.

"ఇనేదాన్ని సీరియళ్లు ఇను. బడి పాఠాలెందుకు నీకు?"

"సీరియళ్లల్ల ఒకటే ఏడుపు. గీ పంతులమ్మ నవ్వుకుంట మాట్లాడుతది. సచ్చేలోపు నాలుగక్షరాలు నా చెవులల్ల కూడా పడనీ. అయినా నీ బిడ్డ ఊకె కూసుంటున్నదనుకున్నవా? నా మందులల్ల ఎర్ర గోలీ ఏదో, తెల్ల గోలీ ఏదో అదే సూసి ఇస్తది. దాన్ని గుంజుకపోతే రేపటి సంది నువ్వొచ్చి ఇస్తవా?"

భవ్యశ్రీ ఏదో అనబోయింది. కిష్టవ్వ సందివ్వలేదు.

"నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా. పెద్దోళ్లం మాట్లాడుతున్నం."

అంబదాస్ పట్టు వదులైంది. భివండి నుంచి వచ్చాక తన ఇంటి మనిషితో ఒకరికి అవసరం పడిందని వినడం అదే మొదలు. వంగి నోటుబుక్కు తీశాడు. బురదను తన లుంగీ అంచుకే తుడిచి కూతురి చేతికిచ్చాడు.

"కూసో. ఒత్తులు అయిపోతయి మళ్ల."

కిష్టవ్వ వైపు తిరిగాడు. "తప్పైంది పెద్దవ్వా. కండ్లు కనవడని మనిషి మీదికి కొట్లాటకొచ్చిన. దవాఖాన తెరవనీ, ఆపరేషన్‌కు నేనే తీస్కపోత."

"సరె సరె, అప్పుడు సూద్దాం తియ్," అంది ముసలామె, దగ్గుతూ.

అంబదాస్ వీధి దాటి తన ఇంటి మెట్టెక్కబోతున్నాడు.

"ఓ అంబదాసూ! అంగీ గుండీలు సక్కగ పెట్టుకో కొడకా, ఒకటి మీదికి ఒకటి కిందికి ఉన్నయి!"

అతను ఆగిపోయాడు. కిందికి చూసుకున్నాడు. నిజమే. వెంకటేశ్ మాటకు మండిపోతూ షెడ్డు ముందర తొడుక్కున్న అంగీ.

మెల్లగా వెనక్కి తిరిగాడు. కిష్టవ్వ నాలుక కరుచుకుని, గబగబా రెండు చేతులూ చాచి గోడ తడుముకోసాగింది.

అంబదాస్ చూపు ఆమె చేతుల మీది నుంచి, బజారు వైపు తిరిగి ఉన్న టీవీ మీదికి వెళ్లింది. తర్వాత రెండు చేతులూ జోడించి అన్నాడు:

"పయిలం పెద్దవ్వా. ముందట గడప ఉన్నది."