తెల్లగీత

“ముందుకి, గోర్డన్! పడవ ముందుకి జరుపు!”

కాలవ లాకు గట్టు మీద నిలబడి ఎనిడ్ గొంతు చించుకుంది. కింద, పడవ వెనక భాగంలో చుక్కాని పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త తలెత్తి చూశాడు. చూశాడే గాని, పడవని అంగుళం కూడా కదపలేదు.

లాకులో నీళ్ళు దిగిపోతున్నాయి. వాటితో పాటు దిగాల్సిన పడవ, వెనక తలుపుల కిందనున్న రాతి గడప మీద ఇరుక్కుంది. వెనక భాగం అక్కడే ఉండిపోయింది, ముక్కు మాత్రం కిందికి పోతోంది. కప్పు మీది పూలకుండీలు జారి నీళ్ళలో పడ్డాయి. లోపల గిన్నెలన్నీ ఒక్కసారిగా కూలాయి.

ఎనిడ్ చేతిలోని ఇనప హేండిల్‌తో, నీళ్ళు బయటికి వదిలే ఇవతలి షట్టరు దించేసింది. తలుపు మీది సన్నటి పలక మీదుగా అవతలికి పరుగెత్తి రెండోదీ దించింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. మధ్యలో పడి మోకాలు చీరుకుపోయినా ఆగలేదు.

గిన్నెల చప్పుడుకి, వేసవిలో ఆ లాకు చూసుకునే డెరిక్ తింటున్న శాండ్‌విచ్ వదిలేసి వచ్చాడు. ఎగువ షట్టరు కొద్దికొద్దిగా ఎత్తి మళ్ళీ నీళ్ళు నింపాడు. పడవ కిర్రుమని మూలిగి, ఒక్క కుదుపుతో గడప వదిలి తేలింది. పక్క పబ్బు బెంచీల మీంచి లేచొచ్చిన జనం చప్పట్లు కొట్టారు.

“ఇంకో అర నిమిషమైతే పడవా పోయేది, ఆయనా పోయేవాడు!” డెరిక్ మండిపడ్డాడు. “గోడ మీద ఇంత లావు తెల్లగీత గీసింది దేనికమ్మా, అందానికా? అది దాటి ముందుంటే గడప తగలదని తెలీదూ?”

“తప్పు నాదే,” అంది ఎనిడ్ రొప్పుతూ. “వెనక్కి రమ్మని నేనే చెయ్యి ఊపాను.”

“వెనక్కా? ఎందుకూ?”

“ముందు తలుపు దగ్గర బాతుపిల్లలున్నాయి. నలిగిపోతాయేమోనని...”

“బాతుపిల్లల కోసం మొగుణ్ణి ముంచుతావా తల్లీ!”

జనం నవ్వారు. ఎనిడ్ కూడా నవ్వింది.

“ఎన్నేళ్ళ నుంచి తిరుగుతున్నారు ఈ కాలవల్లో?” అడిగాడు డెరిక్.

“ముప్పై నాలుగు.”

“ముప్పై నాలుగేళ్ళు తిరిగీ ఇదా నిర్వాకం!”

ఎనిడ్ హేండిల్ అతని చేతికిచ్చేసింది.

రెండోసారి డెరికే దగ్గరుండి దింపాడు. పడవని గీతకి బాగా ముందు నిలబెట్టించి, షట్టర్లు తనే ఎత్తాడు. నీళ్ళు దిగినంతసేపూ ఎనిడ్ గట్టు అంచునే నిలబడి భర్త చేతులవైపే చూస్తూ ఉంది. రెప్ప వెయ్యలేదు. పడవ క్షేమంగా దిగాక, దిగువ తలుపులు తీసి, తాడు అందుకోవడానికి కుంటుకుంటూ కిందికి నడిచింది.

ఆమె కాస్త దూరం వెళ్ళేదాకా ఆగి, డెరిక్ నిచ్చెన మెట్లు దిగి పడవ పక్కకొచ్చాడు.

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి,” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ వయసులో ఆవిడ చేతికి లాకులు అప్పగించకండి. ఏదో ఒకరోజు మిమ్మల్ని చంపేస్తుంది.”

గోర్డన్ దిగువ గట్టు మీద తాడు చుట్టుకుంటున్న భార్యని చూశాడు. మోకాలి నెత్తురు మేజోడులోకి ఇంకుతోంది. ఆమె అది తుడుచుకోకుండా ఇటే చూస్తోంది.

“ఆవిడా, చంపడమా?” అన్నాడు. “సోమవారం నుంచి మూడుసార్లు చావాలని చూశాను బాబూ. మూడుసార్లూ ఆపేసింది.”